సిరా ఎవరిది? ముద్రించిన కార్నియా గురించి మన నోట్సులో లేని ప్రశ్న

సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో 3డీ బయోప్రింటింగ్ మీద ఒక పేజీ మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది. నిర్వచనం రెండు లైన్లు, ఉపయోగాలు నాలుగు, సవాళ్లు నాలుగు, చివర 'ముందున్న దారి'. ఉపయోగాల్లో మొదటిది దాదాపు అందరి నోట్సులోనూ ఒకటే: 'అవయవాల కొరత తీరుతుంది, దాతల మీద ఆధారపడక్కర్లేదు.' మెయిన్స్‌లో ఈ వాక్యం రాస్తే ఎవరూ మార్కులు కొట్టేయరు. కానీ అది నిజమేనా అని ఒక్కసారి ఆగి చూడమని అడగడానికే ఈ వ్యాసం.

నా వాదన ముందే చెప్పేస్తాను. కణాల ముద్రణలో మన దేశం గర్వంగా చెప్పుకోగల పని హైదరాబాద్‌లో జరిగింది. ఆ పనికి వాడిన సిరా మనిషి కంటి నుంచే వచ్చింది. అంటే యంత్రం వచ్చినా దాత అవసరం పోలేదు. పైగా, ఎవరో పైసా తీసుకోకుండా ఇచ్చిన కన్ను రేపు ధర పలికే వస్తువుగా మారే దారి తెరుచుకుంది. ఆ దారిలో దాత కుటుంబానికి ఏం చెప్పాలి, కన్ను పోగొట్టుకున్న కూలీకి ఏం అందాలి అన్నది చట్టంలో ఇప్పుడే రాసుకోవాలి. ధర పడిపోయాక రాస్తామంటే రాసేవాళ్లు వేరేవాళ్లు అవుతారు.

యంత్రం ఏం చేస్తుంది?

ముందు యంత్రాన్ని అర్థం చేసుకుందాం. నేను చదివింది ఇంజినీరింగ్ కాబట్టి ఈ భాగం కొంచెం ఇష్టంగానే రాస్తున్నాను.

మనం హాల్ టికెట్ ప్రింట్ తీసుకునే మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్ తలలో వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక రకం ప్రింటర్లలో ప్రతి రంధ్రం వెనక చిన్న హీటర్ ఉంటుంది. అది మైక్రోసెకన్ల పాటు వేడెక్కుతుంది. సిరాలో బుడగ పుట్టి, ఒక చుక్కని బయటికి నెడుతుంది. చుక్క పరిమాణం పికోలీటర్లలో, అంటే లీటరులో లక్ష కోట్ల వంతుల లెక్కలో ఉంటుంది. మన శరీర కణం వెడల్పు సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు. రెండు కొలతలూ దగ్గరదగ్గరగా ఉన్నాయని గమనించిన వాళ్లకు ఆలోచన వచ్చింది: సిరా బదులు కణాలు పోస్తే?

1988లోనే అమెరికాలో రాబర్ట్ క్లెబె అనే శాస్త్రవేత్త మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌తో కణాలను కావలసిన చోట అమర్చే ప్రయత్నం చేశారు. 2003 నాటికి క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలండ్ బృందం ఆఫీసుల్లో వాడే ప్రింటర్లను మార్చి బతికున్న కణాలను ముద్రించింది. ఆ పద్ధతికి 2006లో అమెరికా పేటెంట్ వచ్చింది. 'హీటర్ వేడికి కణాలు చావవా?' అని మీరు అడగవచ్చు. వేడి తగిలేది రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు కాబట్టి చుక్క మొత్తం ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలే పెరుగుతుంది. 2005లో ఆ బృందం ప్రచురించిన ఫలితాల్లో 90 శాతానికి పైగా కణాలు బతికాయి.

అయితే ఇంక్‌జెట్‌కు ఒక ఇబ్బంది ఉంది. పల్చని ద్రవమైతేనే ఆ రంధ్రంలోంచి వస్తుంది. కణాలు ఎక్కువ వేసినా, జిగురు చిక్కబడినా రంధ్రం మూసుకుపోతుంది. అందుకే చిక్కటి పదార్థానికి వేరే పద్ధతి వాడతారు: సిరంజిలో నింపి, సన్నని సూది గుండా తీగలా వత్తుతూ పొర మీద పొర వేస్తారు. అమ్మ జంతికల గొట్టం తిప్పుతున్నప్పుడు జరిగేది ఇదే. ఇంక్‌జెట్ కళ్లాపి చల్లడం లాంటిదనుకుంటే, రెండోది జంతికలు వత్తడం. పోసే పదార్థాన్ని రెండిట్లోనూ బయో ఇంక్ అనే అంటారు. మన మాటల్లో జీవసిరా.

మరి మూత్రపిండం, గుండె ఎందుకు ముద్రించలేకపోతున్నారు? రక్తనాళాల వల్ల. కణానికి ఆక్సిజన్ అందాలంటే అది రక్తకేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల లోపు ఉండాలి. అంతకంటే మందంగా కణాల ముద్ద చేస్తే లోపలివి ఊపిరాడక చనిపోతాయి. ముద్రించిన అవయవంలో నాళాల వల కూడా అల్లి, అది రక్తపోటుకు తట్టుకునేలా చేయడం ఇప్పటికీ తేలని పని. 'త్వరలో ముద్రించిన కిడ్నీలు' అని మీ జవాబులో రాయకండి.

కార్నియా సంగతి వేరు. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర అది. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు. కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. ముద్రణకు ఇంత అనువైన భాగం శరీరంలో మరొకటి దొరకడం కష్టం. మన దేశంలో పని అక్కడే మొదలవడానికి కారణం ఇదే.

హైదరాబాద్ ముద్రించిన కార్నియా

2022 ఆగస్టులో హైదరాబాద్‌లోని మూడు సంస్థలు కలిసి ఒక ప్రకటన చేశాయి: ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ. 3డీ ప్రింటర్‌తో కార్నియా తయారుచేసి, దాన్ని కుందేలు కంట్లో అమర్చామన్నది ఆ ప్రకటన సారాంశం. ఎల్వీ ప్రసాద్ సంస్థ నుంచి డాక్టర్ సయన్ బసు, డాక్టర్ వివేక్ సింగ్ ఈ పనికి ముందు నిలిచారు. మనుషుల మీద పరీక్షల దాకా తీసుకెళ్లే దశకు విజయవాడలోని శ్రీ పద్మావతి వేంకటేశ్వర ఫౌండేషన్ నిధులు ఇస్తుందని కూడా చెప్పారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018లో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం కొలాజెన్, ఆల్జినేట్ కలిపిన జిగురుతో మనిషి కార్నియా ఆకారాన్ని పది నిమిషాల లోపు ముద్రించి చూపింది. హైదరాబాద్ బృందం ఎంచుకున్న పదార్థం వేరు.

ఇక్కడే మనం జాగ్రత్తగా చదవాలి. హైదరాబాద్ సిరాలో కృత్రిమ పదార్థాలు లేవు, జంతువుల నుంచి తీసినవీ లేవు. మనిషి కార్నియాలోంచి కణాలన్నీ కడిగేయగా మిగిలిన ఊతాన్ని, అంటే ప్రధానంగా కొలాజెన్‌తో అల్లుకున్న వలని, జెల్‌గా మార్చారు. దానిలో మనిషి కంటి నుంచి తీసిన మూలకణాలు కలిపారు. శరీరం తిప్పికొట్టకపోవడానికి ఈ ఎంపికే బలం.

ఆ మనిషి కార్నియా ఎక్కడిది? ప్రింటర్ కంపెనీ పంపింది కాదు కదా. చనిపోయిన మనిషి పక్కన కూర్చుని ఏడుస్తున్న కుటుంబాన్ని ఎవరో ఒకరు మెల్లగా అడిగితే, ఆ కుటుంబం సరేనంటేనే ఒక కార్నియా నేత్రనిధికి చేరుతుంది. అదీ మరణించిన ఆరు గంటల లోపు తీసుకోవాలి. అలా వచ్చిన ప్రతి కార్నియా అమర్చడానికి పనికిరాదు. కొన్నింటిలో కణాలు తగ్గిపోయి ఉంటాయి. ముద్రణ గొప్పతనం అక్కడుంది: పారదర్శకంగా అమర్చడానికి పనికిరాని దానం కూడా సిరాగా పనికొచ్చే అవకాశం, ఒక దానం ఒకరి కంటే ఎక్కువ మందికి చేరే అవకాశం అది కల్పిస్తుంది. ఇది చిన్న మేలు కాదు. కానీ దాత నుంచి విముక్తి అని దీనికి పేరు పెట్టలేం. అన్నం వండే కుక్కర్ ఎంత గొప్పదైనా బియ్యం ఎవరో ఒకరు పండించాల్సిందే.

ఈ తేడా నోట్సుకే పరిమితమైతే నాకు బాధ లేదు. మా కాలనీలో ఒక పెద్దాయన, రిటైరైన ఫిట్టరు, పేపర్లో వార్త చదివి నన్ను అడిగారు: "ఇక మిషన్లే కళ్లు తయారుచేస్తాయట కదమ్మా, మా కళ్లతో పనేముంది?" నేత్రదానం చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారన్న పాత భయాన్ని పోగొట్టడానికే మనకు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు సైన్స్ పేరుతో కొత్త సాకు మనమే చేతికిస్తే ఎలా? అరకొరగా రాసిన వార్త నేత్రనిధికి నిజంగా నష్టం చేయగలదు.

భిలాయి నుంచి చూస్తే

ఈ విషయం మీద భిలాయిలో కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఇది ఇనుము, సున్నపురాయి, నిప్పు కలిసి నడిపే ఊరు. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం, నందినీ గనుల నుంచి సున్నపురాయి వస్తాయి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్నప్పటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలు ఈ పనిలో ఉన్నాయి. ప్లాంటు చుట్టూ చిన్న చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు బోలెడు. గ్రైండింగ్ చక్రం నుంచి లేచే ఇనుప నలుసు, వెల్డింగ్ వెలుగు, సున్నం ధూళి: కార్నియాకు ఉన్న శత్రువులన్నీ ఇక్కడ రోజూ పనిలోనే ఎదురవుతాయి.

వైద్య చరిత్రలో ఒక సంగతి చదివినప్పుడు నాకు మన ఊరే గుర్తొచ్చింది. మనిషి నుంచి మనిషికి కార్నియా మార్పిడి మొదటిసారి విజయవంతమైంది 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్ పట్టణంలో. చేసినవారు ఎడ్వార్డ్ జిర్మ్. కార్నియా అందుకున్నది సున్నం పడి రెండు కళ్లూ పోగొట్టుకున్న ఒక రోజుకూలీ. ఇచ్చింది ఇనుప ముక్కలు గుచ్చుకుని కన్ను తీసేయాల్సి వచ్చిన పదకొండేళ్ల బాలుడు. సున్నం, ఇనుము, కూలీ. కార్నియా మార్పిడి మొదలైందే శ్రమజీవుల గాయాల దగ్గర.

నేటి లెక్కలూ అదే చెబుతున్నాయి. 2015-19 జాతీయ అంధత్వ సర్వే ప్రకారం 50 ఏళ్లు దాటినవారిలో అంధత్వానికి పెద్ద కారణం శుక్లాలు. 50 ఏళ్ల లోపు వారిలో మాత్రం మొదటి స్థానం కార్నియా మచ్చలది: 37.5 శాతం. మన పెద్దవాళ్లు 'కంట్లో పువ్వు వేసింది' అనేది ఈ మచ్చనే. పని చేసే వయసులో, ఇల్లు నడిపే వయసులో చూపు తీసేది ఇదే. అందుకే కార్నియా ఎవరికి అందుతుందన్నది ఆరోగ్య ప్రశ్నతో పాటు జీవనోపాధి ప్రశ్న కూడా.

మన చట్టాలు కంటిని ఎలా చూస్తాయో గమనించండి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ నలుసులు ఎగిరే పనుల్లోనూ, కళ్లకు హాని చేసే వెలుగు ఉన్న చోటా తెరలు లేదా కళ్లద్దాలు ఇవ్వాలనేది. అది జరగక కన్ను పోతే, అప్పటిదాకానే అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం షెడ్యూలు లెక్క కట్టేది: రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టం, కన్ను ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతం. నివారణకు ఒక చట్టం, పరిహారానికి ఒక చట్టం ఉన్నాయి. చూపు తిరిగి తెప్పించడం కార్మికుడి హక్కు అని చెప్పే చట్టం మాత్రం లేదు. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ పెద్దగా అడగలేదు. దానంగా వచ్చే కార్నియాలు తక్కువ, వరుస పొడవు, ఏం చేస్తాం అనుకున్నాం. ముద్రణ ఆ పరిస్థితిని మార్చగలిగితే, అడగాల్సిన రోజు వచ్చినట్టే.

చర్మం సంగతి కూడా ఇలాంటిదే. 2018 అక్టోబరు 9న ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర పేలుడు జరిగి పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. కాలిన గాయాల చికిత్సకు సెక్టార్ 9 ఆసుపత్రికి ఈ ప్రాంతమంతటా పేరుంది. ఒళ్లంతా కాలినవారికి తొడ నుంచి తీసి అతకడానికి కూడా చర్మం మిగలదు. అప్పుడు చనిపోయినవారి నుంచి తీసి భద్రపరిచిన చర్మం తాత్కాలిక కప్పుగా ప్రాణం కాపాడుతుంది. దానికి బ్లడ్ గ్రూపు కలవాల్సిన పనిలేదు. గ్లిసరాల్‌లో ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయినా చర్మనిధులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరు నుంచి తీవ్రంగా కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ సంస్థ రోగి చర్మకణాలనే తీసి గాయం మీద నేరుగా ముద్రించే యంత్రాన్ని జంతువుల మీద పరీక్షించి చూపింది. అది మనదాకా వచ్చేలోపు ఆరు గంటల్లో చర్మం సేకరించే ఏర్పాటైనా మన జిల్లాల్లో ఉండాలి కదా.

చట్టంలో ఖాళీ ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాలిటీ చదివే మనకు ఇక్కడ పని ఉంది.

1994 మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని 2011లో సవరించి కణజాలాలను కూడా చేర్చారు. అవయవాలనూ కణజాలాన్నీ అమ్మకూడదు, కొనకూడదు. తీయడం, తరలించడం, భద్రపరచడం వంటి ఖర్చులు తప్ప డబ్బు చేతులు మారకూడదు. కణజాలంతో వ్యాపారం చేస్తే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 5 లక్షల నుంచి 25 లక్షల రూపాయల జరిమానా. మరి ఈ చట్టం ప్రకారం కణజాలం అంటే ఏమిటి? రక్తం మినహా, శరీరంలో ఒక నిర్దిష్టమైన పని చేసే కణాల సమూహం.

ఈ నిర్వచనాన్ని జీవసిరా పక్కన పెట్టి చూడండి. సిరా తయారీలో మొదటి మెట్టు కణాలను కడిగేయడం. కడిగాక మిగిలింది కొలాజెన్ వల. అందులో కణాలు లేవు కాబట్టి, అక్షరాలా చదివితే అది 'కణాల సమూహం' కాదు. అంటే అమ్మకాన్ని నిషేధించే చట్టం గడప దాటి అది బయటికి వచ్చేసిందని ఒక లాయరు వాదించవచ్చు. తర్వాత దానిలో మూలకణాలు కలిపి ముద్రిస్తే, 2019 కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నిబంధనల కిందికి వెళుతుంది. మూలకణాల నుంచి చేసిన ఉత్పత్తులను ఆ నిబంధనలు 'కొత్త ఔషధం'గా చూస్తాయి. భద్రతకు అది మంచిదే. కానీ ఔషధమంటే దానికి లైసెన్సు, పేటెంటు, ధర ఉంటాయి. ఒక తలుపు గుండా దానంగా వెళ్లినది రెండో తలుపు గుండా సరుకుగా బయటికి వస్తుంది. ఈ మధ్యలో ఏం జరగాలో చెప్పే వాక్యం ఏ చట్టంలోనూ కనబడదు.

ఇది ఊహాగానం అనుకోకండి. రక్తం విషయంలో మనకు అనుభవం ఉంది. రక్తం అమ్మకూడదు, ప్రాసెసింగ్ ఖర్చులు మాత్రమే తీసుకోవాలని ఔషధ నియంత్రణ సంస్థ 2023 చివర్లో కూడా గుర్తు చేయాల్సి వచ్చింది. అదే రక్తంలోని మిగులు ప్లాస్మా కంపెనీలకు వెళ్లి ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ వంటి ఖరీదైన మందులవుతుంది. ఆ మార్పిడికి లీటరుకు 1,600 రూపాయలని 2015లో ప్రభుత్వం విలువ కట్టింది. రక్తం ఇచ్చిన కాలేజీ కుర్రాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? మీకు చెప్పారా?

ప్రపంచంలోనూ ఇదే కథ. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి అడగకుండా తీసిన కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరాయి. ఒక పెద్ద కంపెనీ ఆమె కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మూర్ కేసులో, తీసేసిన కణాల మీద రోగికి ఆస్తి హక్కు లేదంది. కానీ వాటి మీద తమకున్న పరిశోధన, ఆర్థిక ప్రయోజనాలను డాక్టరు ముందే చెప్పి తీరాలంది. ఎథిక్స్ పేపర్లో ఈ రెండూ ఉదాహరణలుగా రాస్తాం. మన దేశంలో జీవసిరా వస్తున్నప్పుడు మాత్రం గుర్తు చేసుకోం.

అవతలివైపు వాదన

దీనికి బలమైన ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కుందేలు కన్ను నుంచి మనిషి కంటికి రావాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు, శుభ్రమైన తయారీ కేంద్రం, నాణ్యత తనిఖీలు కావాలి. వాటికి కోట్లు అవుతాయి. పెట్టినవాడికి తిరిగి రాదంటే ఎవరూ పెట్టరు. దానం పేరు చెప్పి ధరను నొక్కేస్తే సిరా ప్రయోగశాలలోనే ఎండిపోతుంది, అప్పుడు కూలీకీ అందదు, ధనికుడికీ అందదు. ఇందులో నిజం ఉంది. అందుకే నేను లాభం వద్దనడం లేదు. తయారీకి, నైపుణ్యానికి ధర ఉండనివ్వండి. ముడి పదార్థం ఉచితంగా వచ్చిందన్న సంగతి ఆ ధరలో కనబడాలి, అంతే.

రెండో వాదన: పని చేస్తున్నది సేవాభావం ఉన్న సంస్థ, అనుమానం ఎందుకు? నిజమే. 1987 నుంచి సేవలందిస్తున్న ఎల్వీ ప్రసాద్ సంస్థ సగానికి పైగా రోగులకు ఉచితంగా చికిత్స చేస్తూ వచ్చింది. దాని మీద నాకు గౌరవమే తప్ప అనుమానం లేదు. కానీ సాంకేతికత ఒక చోటే ఆగదు. రేపు పది కంపెనీలు ఇదే పని చేస్తాయి. ఒక మంచి సంస్థ మంచితనాన్ని నమ్ముకుని చట్టం రాయకుండా ఉండలేం. మంచివాళ్లు ఉన్న రోజుల్లోనే నియమం రాసుకోవడం తేలిక కూడా.

ఏం చేయాలి?

ఒకటి, అనుమతి పత్రం. నేత్రదానం తీసుకునేటప్పుడు కుటుంబాన్ని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: నేరుగా అమర్చడానికి ఇస్తారా? అమర్చడానికి పనికిరాకపోతే సిరా తయారీకి, దాని నుంచి వచ్చే వైద్య ఉత్పత్తులకు వాడవచ్చా? రెండోదానికి వద్దనే హక్కు ఉండాలి. పత్రం వాళ్లకు వచ్చిన భాషలో ఉండాలి. భిలాయిలో అంటే హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా.

రెండు, నిర్వచనం. కణజాలం అన్న మాటలోకి దాని నుంచి తీసిన కణరహిత ఊతాన్ని కూడా చేర్చాలి. ఇది ఒక్క వాక్యపు సవరణ. దానితో దాత నుంచి సిరా దాకా లెక్క చట్టం కంటి ముందే ఉంటుంది.

మూడు, షరతు. దానంగా వచ్చిన పదార్థంతో చేసిన ఉత్పత్తికి అనుమతి ఇచ్చేటప్పుడే, అందులో నిర్ణీత వాటా ప్రభుత్వ ఆసుపత్రులకు, ఈఎస్ఐ ఆసుపత్రులకు తయారీ ఖర్చుకే ఇవ్వాలని రాయాలి. పనిలో కన్ను పోగొట్టుకున్నవారికి ఆ వరుసలో ముందు చోటు ఉండాలి. మన దగ్గర ఠేకా మజ్దూర్లు అనే కాంట్రాక్టు కార్మికులు కూడా అందులో ఉండాలి. ఎందుకంటే కళ్లద్దాలు చివరగా అందేది వాళ్లకే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానం జీవ తయారీని ప్రోత్సహిస్తానంటోంది. ప్రోత్సాహం ఇచ్చే చేతికే షరతు పెట్టే అధికారమూ ఉంటుంది.

నాలుగు, సేకరణ. ప్రింటర్లకు ముందు నేత్రనిధులు, చర్మనిధులు కావాలి. మరణించిన ఆరు గంటల్లో జిల్లా ఆసుపత్రి నుంచి మనిషి వచ్చే ఏర్పాటు లేకపోతే, ఎంత గొప్ప ప్రింటరూ ఖాళీ సిరంజితో కూర్చుంటుంది.

ఇవన్నీ రాజ్యాంగం ఒప్పుకునేవేనా? 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో కార్మికుడి ఆరోగ్యం, వైద్య సంరక్షణ 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో అత్యవసర వైద్యం అందించడం రాజ్యం బాధ్యత అంది, డబ్బు లేదన్న సాకు చెల్లదంది. ఆ తీర్పులను కొత్త సాంకేతికతకు అన్వయించడమే మిగిలింది.

ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపు దల్లీ రాజహరాలో షహీద్ ఆసుపత్రి ఉంది. ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు తమ చందాలతో, తమ రెక్కల కష్టంతో కట్టుకుని 1983లో తెరిచిన ఆసుపత్రి అది. 'ఇంత పేదవాళ్లకు వైద్యం మీద హక్కు గురించి ఏం తెలుసు' అనేవారికి ఆ భవనం చాలు. జీవసిరా మీద చట్టం రాసే కమిటీలో శాస్త్రవేత్త, కంపెనీ ప్రతినిధి, అధికారి కూర్చుంటారు. అలాంటి కార్మికుల్లో ఒకరిని కూడా కూర్చోబెట్టమని అడగడం అత్యాశ కాదు.

జవాబు రాసేటప్పుడు

జీఎస్-3లో బయోప్రింటింగ్ వస్తే 'అవయవాల కొరత తీరుతుంది' బదులు 'ఒక దానం ఎక్కువ మందికి చేరే అవకాశం పెరుగుతుంది' అని రాయండి. హైదరాబాద్ ఉదాహరణ ఇవ్వండి, అప్పుడు అది కుందేలు దశలో ఉన్న పని అని కూడా రాయండి. మందుల పరీక్షల్లో జంతువులకు బదులుగా కణాల ఆధారిత పద్ధతులను 2023 సవరణ అనుమతించిందని చేర్చండి. జీఎస్-2లో చట్టంలోని నిర్వచనం గురించి, జీఎస్-4లో అనుమతి గురించి రాయవచ్చు. ఒకే అంశం మూడు పేపర్లకు పనికొస్తుంది. కానీ మార్కుల కోసమే ఇది చదవకండి. మనలో కొందరు రేపు ఏదో జిల్లాలో కూర్చుని, నేత్రనిధి ఫైలు మీద సంతకం చేయాల్సిన వాళ్లమే.

అభ్యాసానికి ప్రశ్న: 'దానంగా ఇచ్చిన శరీర భాగం నుంచి తయారైన ఉత్పత్తి ధరలో దాతల సమాజానికి హక్కు ఉంటుందా? జీవసిరా ఉదాహరణతో చర్చించండి.' (250 పదాలు, 15 మార్కులు)

రాసి పెట్టుకోండి. రాసే ముందు ఒక పని చేయండి: రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లను నేత్రదానం గురించి అడగండి. ఆ ఆరు గంటల్లో సరే అనాల్సింది వాళ్లే కాబట్టి, మీ మాట వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.